ఎప్పుడొచ్చావని అడిగే దీవులు

పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, గారచర్మకు ఆనుకుని ప్రోతరాపూర్ ఉంది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల మొత్తంలో పట్టణాలుగా నమోదైనవి అయిదే; అందులో ఇదొకటి. బయటివాళ్లకు ఈ పేరు వార్తల్లోనే ఎక్కువగా తగులుతుంది, జిల్లా జైలు ఇక్కడే ఉంది కాబట్టి. ఊరి పేరు ప్రోథెరో అనే బ్రిటిష్ అధికారిది. ఇప్పుడు జైలున్న ఈ ఊరు ఒకప్పుడు జైలు దాటి బయటికొచ్చిన ఖైదీలు నాగలి పట్టిన ఊళ్లలో ఒకటి. చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా ఉన్నాయి. దేశంలో చాలా ఊళ్ల పుట్టుక గురించి కథలే మిగిలాయి. వీటి పుట్టుక గురించి మాత్రం సర్కారు కాగితాలున్నాయి. ఎవరికి ఎన్నేళ్లు తిండి పెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఆపాక ఎంత శిస్తు కట్టించుకోవాలి అన్నదంతా ముందే రాసిపెట్టి కట్టిన ఊళ్లివి.

మనిషికి కనీసంగా బతకడానికి కావలసింది ప్రభుత్వమే ఇవ్వాలా, ఇస్తే ఏ షరతు మీద అన్న వాదన ఇవాళ సార్వత్రిక కనీస ఆదాయం పేరుతో ప్రపంచమంతా నడుస్తోంది. పేద, ధనిక, ఉద్యోగి, నిరుద్యోగి అన్న తేడా లేకుండా ప్రతి మనిషికీ, షరతు లేకుండా, క్రమం తప్పకుండా నగదు ఇవ్వాలన్నది ఆ ఆలోచన. దాన్ని తలకెత్తుకున్నవాళ్లు అలాస్కా పేరు చెబుతారు, ఫిన్లాండ్ పేరు చెబుతారు. అండమాన్ పేరు ఎవరి నోటా రాదు. కానీ సర్కారు మనుషుల్ని పోషించడం, ఆ పోషణకు షరతులు కట్టడం, ఆ షరతుల మీద సర్కారులోనే తగాదా రావడం అనే చరిత్ర ఇక్కడ నూట అరవై ఏళ్లుగా ఆగకుండా సాగుతోంది. ఆ చరిత్ర పొడుగునా ఒక్క ప్రశ్న మాత్రం మారలేదు. నువ్వు ఇక్కడికి ఎప్పుడొచ్చావు, ఎలా వచ్చావు?

1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. 1857 తిరుగుబాటులో పట్టుబడినవాళ్లను దేశానికి దూరంగా ఉంచడానికి ఎంచుకున్న చోటు ఇది. అడవి, వాన, మలేరియా, విషంలా పనిచేసే చిత్తడి నేలలు. మొదటి ఏళ్లలో చావులు విపరీతం. కలకత్తా నుంచి ఓడల్లో బియ్యం తెచ్చి వేలమందిని పోషించడం ఎంత ఖర్చో దొరలకు త్వరలోనే తెలిసొచ్చింది. ఖైదీ చేతే పండిస్తే ఖర్చు తగ్గుతుంది, పండించుకునే ఖైదీ తిరగబడడు. ఈ రెండు లెక్కలూ కలిసి ఒక పద్ధతిని పుట్టించాయి.

ఆ పద్ధతి పూర్తి రూపాన్ని 1901 జనాభా లెక్కల కాలంలో అండమాన్ చీఫ్ కమిషనర్‌గా ఉన్న రిచర్డ్ టెంపుల్ వివరంగా రాసిపెట్టాడు. ఖైదీ మొదటి ఆరు నెలలు సెల్యులార్ జైల్లో ఒంటరిగా గడపాలి. తరవాత ఏడాదిన్నర మరో జైల్లో అందరితో కలిసి పని. ఆపైన మూడేళ్లు బారకుల్లో ఉంటూ ముఠాలో కఠిన శ్రమ. దానికి ప్రతిఫలం లేదు. ఆ మూడేళ్లూ దాటితే ఇంకో అయిదేళ్లు కూలీ ఖైదీయే అయినా కాస్త తేలిక పని, చిన్న చిన్న హోదాలు, చేతి ఖర్చుకో పొదుపుకో కొద్దిపాటి భత్యం. పదేళ్లు నిండి, నడవడి బాగుందనిపించుకుంటే చేతికి టికెట్ వచ్చేది. అప్పట్నుంచి అతను సెల్ఫ్ సపోర్టర్, అంటే తన తిండి తాను సంపాదించుకునేవాడు. పల్లెలో ఉండొచ్చు, సేద్యం చెయ్యొచ్చు, పశువుల్ని పెంచుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, దేశం నుంచి పెళ్లాం బిడ్డల్ని రప్పించుకోవచ్చు. ఆడ ఖైదీలకు అయిదేళ్లకే పెళ్లికి అనుమతి దొరికేది.

ఈ టికెట్ వెనక ఉన్న షరతుల్లోనే అసలు విషయం ఉంది. పల్లెలో కొత్తగా దిగినవాడికి మొదట్లో ఇల్లు, తిండి, పనిముట్లు సర్కారే ఇచ్చేది. శిస్తు లేదు, పన్ను లేదు. మూడు నాలుగేళ్లు గడిచాక సాయం ఆగిపోయేది. అక్కడ్నుంచి స్వేచ్ఛాజీవి కట్టే ప్రతి పన్నూ అతనూ కట్టాలి. స్వేచ్ఛ మాత్రం ఉండదు. దీవి వదలకూడదు, పౌర హక్కులు అడగకూడదు, ఖాళీగా కూచోకూడదు. ఊరికో చౌధరి, చౌకీదారు ఉండేవాళ్లు, వాళ్లూ ఖైదీలే. ఇలా ఇరవై, ఇరవై అయిదేళ్లు మచ్చలేకుండా గడిపితే పూర్తి విడుదల దొరికే అవకాశం ఉండేది. 1901లో ఈ శిక్షా స్థావరంలో ఉన్నది 16,256 మంది. అందులో 11,947 మంది ఖైదీలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. పనిముట్లు, ఇల్లు, తిండి ఇచ్చి, కొన్నేళ్లు పన్ను లేకుండా వదిలేస్తే హంతకుడు కూడా రైతవుతాడని అప్పటి సర్కారు నమ్మింది. ఆ నమ్మకం వమ్ము కాలేదు. దక్షిణ అండమాన్‌లో ఇవాళ మనుషులు నివసించే పాత గ్రామాల్లో చాలా వాటికి మొదటి గట్టు వేసింది, మొదటి మడి దున్నింది ఈ టికెట్ ఖైదీలే. వాళ్ల పిల్లలే లోకల్ బోర్న్‌లు. పఠాన్, బెంగాలీ, మరాఠీ, తెలుగు, బర్మా అన్న తేడాలు చెరిగిపోయి, హిందుస్తానీ మాట్లాడుతూ, కులం పట్టింపు తగ్గిన కొత్త జనం తయారైంది. ఆస్తీ పాస్తీ లేని మనిషి కాళ్లూనుకోవడానికి ఏం కావాలన్న ప్రశ్నకు ఈ దీవుల్లో దొరికిన మొదటి జవాబు అదే.

అయితే ఆ జవాబు నచ్చనివాళ్లు త్వరలోనే వచ్చారు. 1890లో ఛార్లెస్ లయల్, ఎ.ఎస్. లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారుల్ని ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్ పంపి పరిశీలించమంది. వాళ్లు తేల్చిందేమిటంటే, కాలాపానీ అంటే జనానికి ఉన్న భయం పోయింది. దేశంలో జైల్లో మగ్గడం కంటే అండమాన్ పోవడమే నయమని ఖైదీలు అనుకుంటున్నారు. పల్లె, పొలం, పెళ్లి చివర్లో ఎదురుచూస్తుంటే శిక్షకు పదును ఎక్కడుంటుంది? అందుకని మొదటి ఘట్టాన్ని దుర్భరంగా మార్చాలని సిఫార్సు చేశారు. ఆ సిఫార్సు నుంచే సెల్యులార్ జైలు లేచింది. 1896లో మొదలై 1906కు పూర్తయిన ఏడు చేతుల కట్టడం, 698 గదులు. సావర్కర్, బారీంద్ర ఘోష్ లాంటివాళ్లు నూనె గానుగ తిప్పిన జైలుగా అది అందరికీ తెలుసు. ఖైదీల బతుకు మరీ సుఖంగా ఉందన్న ఫిర్యాదులో దాని పునాది ఉందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఇదే వాదన ఇంగ్లండులో అంతకు అరవై ఏళ్ల కిందటే నడిచింది. 1795లో బర్క్‌షైర్ జిల్లా స్పీన్‌హామ్‌లాండ్‌లో న్యాయాధికారులు సమావేశమై, రొట్టె ధర పెరిగినప్పుడల్లా కూలీకి తక్కువ పడ్డ డబ్బును ఊరి నిధి నుంచి ఇవ్వాలని తీర్మానించారు. అలాంటి సాయం చాలా జిల్లాలకు పాకింది. 1834లో రాయల్ కమిషన్ నివేదిక వచ్చి ఈ సాయం పేదల్ని సోమరుల్ని చేసిందని తీర్పు చెప్పింది. ఫలితంగా కొత్త పేదల చట్టం వచ్చింది. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి. అక్కడి బతుకు బయట అతి పేద కూలీ బతుకు కంటే హీనంగా ఉండి తీరాలి. 1963లో ఆర్థిక చరిత్రకారుడు మార్క్ బ్లాగ్ పాత లెక్కలు తిరగేసి ఆ నివేదిక నిర్ధారణలకు తగిన ఆధారం లేదని చూపించాడు. అప్పటికి నూట ముప్పై ఏళ్లు గడిచాయి, వర్క్‌హౌస్‌లలో రెండు మూడు తరాలు నలిగిపోయాయి. లయల్, లెత్‌బ్రిడ్జ్‌లు పోర్ట్ బ్లెయిర్‌లో దిగేనాటికి ఇంగ్లండులో వర్క్‌హౌస్‌లు నడుస్తూనే ఉన్నాయి. సాయం పొందినవాడు సుఖపడకూడదు అన్నది వాళ్లు పుట్టి పెరిగిన పాలనలో చర్చ అక్కర్లేని సూత్రం.

ఆ స్పీన్‌హామ్‌లాండ్ కాలంలోనే థామస్ పెయిన్ దానికి పూర్తిగా ఎదురు దారి చూపాడు. 1797లో అచ్చయిన తన కరపత్రంలో, నేల అందరి ఉమ్మడి ఆస్తి గనక దాన్ని సొంతం చేసుకున్నవాళ్లు మిగతావాళ్లకు బాకీ పడ్డారని వాదించాడు. ఆ బాకీ కింద 21 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకూ 15 పౌండ్లు, 50 దాటినవాళ్లకు ఏటా 10 పౌండ్లు ఇవ్వాలన్నాడు. ధర్మం అనే మాట అతను ఒప్పుకోలేదు, హక్కు అన్నాడు. నేటి కనీస ఆదాయ వాదానికి మూలపురుషుల్లో అతనొకడు. భూమి కథగా మొదలైన అండమాన్ పల్లెలకు పెయిన్ వాదన ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు.

1919-20 జైళ్ల కమిటీ శిక్షా స్థావరాన్నే తప్పుబట్టాక అండమాన్ కథ మలుపు తిరిగింది. ద్వీపాంతర శిక్ష ఆపాలని 1921లో ప్రభుత్వం నిర్ణయించింది. కానీ దీవులు ఖాళీ అయితే అడవి పనికి, రేవు పనికి మనుషులేరీ? అందుకని ఉన్న ఖైదీలను త్వరత్వరగా సెల్ఫ్ సపోర్టర్లుగా మార్చడం, భూమి ఇచ్చి కుటుంబాల్ని రప్పించడం మొదలైంది. ఆ దశాబ్దంలోనే మలబారు తిరుగుబాటులో శిక్షపడ్డ మాప్పిళ్లలు వచ్చారు. 1925లో బర్మా నుంచి కరెన్‌లు మాయాబందర్ వైపు వచ్చారు. 1926లో ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం నుంచి నేరస్థ తెగ అన్న ముద్ర పడ్డ భాంటూలను తెచ్చారు. వచ్చిన ప్రతి గుంపుకూ నేలో, పశువులో, కొన్నాళ్ల తిండో దొరికింది. ఒక్క గుంపుకు దొరకలేదు. 1918 నుంచి ఛోటా నాగపూర్ అడవుల నుంచి కూలీలుగా వచ్చిన ఆదివాసులను ఇక్కడ రాంచీవాళ్లంటారు. అడవి నరికింది, దుంగలు లాగింది, రోడ్లు వేసింది వాళ్లు. కూలి ముట్టింది. భూమి ముట్టలేదు. ఖైదీగా వచ్చినవాడికి పొలం, కూలీగా వచ్చినవాడికి కూలి మాత్రమే అన్న విచిత్రమైన కొలమానం అప్పుడు స్థిరపడింది.

1942 మార్చి 23న జపాన్ సైన్యం దిగింది. మూడున్నరేళ్లు కరువు, చిత్రహింసలు. 1945 అక్టోబర్‌లో ఇక్కడి జపాన్ సైన్యం లొంగిపోయాక బ్రిటిష్ ప్రభుత్వం శిక్షా స్థావరాన్ని రద్దు చేసి మిగిలిన ఖైదీలను వదిలేసింది. చాలామంది దేశానికి వెళ్లిపోయారు. పల్లెలు సగం ఖాళీ.

ఆ ఖాళీలోకి 1949లో తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. ఖైదీల కోసం రాసిన పాత పద్ధతే పేరు మార్చుకుని తిరిగొచ్చింది. కుటుంబానికి పది ఎకరాలు: అయిదు వరి పల్లానికి, అయిదు కొండ వాలులో. పంట చేతికొచ్చేదాకా డోల్, అంటే కొంత నగదు, రేషన్. పశువులకు, ఇంటికి అప్పు. 1950ల్లో రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ ప్రాంతాల్లో ఈ పథకం పెద్దదయింది. బెంగాలీ కుటుంబాలు అడవి నరికి వరి పండించాయి. ఇప్పుడు ఈ దీవుల్లో ఎక్కువమంది మాట్లాడేది బెంగాలీయే, 2011 లెక్కల ప్రకారం 28 శాతం పైన. సర్వం పోగొట్టుకుని దిగిన మనుషులు ఒక తరంలో నిలదొక్కుకున్నారంటే, మొదటి పంటదాకా కడుపు నింపిన ఆ డోల్‌కు అందులో పెద్ద వాటా ఉంది. డోల్ తిన్నవాళ్లెవరూ పొలానికి పోవడం మానెయ్యలేదు.

మరి తెలుగువాళ్లు?

ఖైదీలుగా కొందరు వచ్చారు. వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది స్వాతంత్ర్యం తరవాత తమంతట తామే వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి, విశాఖలో ఓడెక్కి, రెండు పగళ్లు రెండు రాత్రుళ్లకు పైగా సముద్రం మీద ఊగి, పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. ముందొచ్చిన బావమరిది జాబు రాస్తే తరవాత బావ వచ్చాడు; బావ కుదురుకున్నాక ఊరు వచ్చింది. జంగ్లీఘాట్‌లో వల వేశారు, బస్తీల్లో గోడ కట్టారు, రేవులో మూట మోశారు, సందు చివర కొట్టు పెట్టారు. 2011 లెక్కల్లో దీవుల మొత్తం జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 13 శాతం దాటారు. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత నాలుగో స్థానం.

ఇంతమంది ఉన్నా, ఎప్పుడొచ్చావు, ఎలా వచ్చావు అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర సర్కారు ఒప్పుకునే జవాబు లేదు. ఈ దీవుల్లో వెనకబడిన తరగతులుగా గుర్తించింది అయిదు సమూహాలనే: 1942కు ముందునాటి లోకల్ బోర్న్‌లు, మాప్పిళ్లలు, భాంటూలు, కరెన్‌లు, బెంగాలీ సెటిలర్లు. అయిదుగురినీ సర్కారే తెచ్చింది, సర్కారే దించింది, సర్కారే నేల ఇచ్చింది. సొంత టికెట్ కొనుక్కుని వచ్చినవాడు ఆ జాబితాలో లేడు. ఇంకో సంగతి ఉంది. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి షెడ్యూల్డ్ కులాల జాబితా అంటూ లేదు. జనాభా లెక్కల్లో ఇక్కడ ఎస్సీల సంఖ్య సున్నా. శ్రీకాకుళంలో ఎస్సీగా పుట్టిన కుటుంబం ఓడ దిగి ఇక్కడే స్థిరపడితే, వాళ్ల వెనకబాటు తీరకుండానే దాని గుర్తింపు పోతుంది. రాంచీవాళ్లదీ అదే గతి. ఝార్ఖండ్‌లో షెడ్యూల్డ్ తెగ, ఇక్కడ ఏ జాబితాలోనూ లేని కూలీ. ఓడ ఛార్జీలో రాయితీ కావాలన్నా దీవి నివాసి అని ధ్రువీకరించే ఐలాండర్ కార్డు చూపాలి.

సొంత రాష్ట్రం సాయం కూడా రాష్ట్రపు గట్టు దాటదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆకలి నిజంగానే తగ్గింది. ఆ కార్డు ఆ రాష్ట్రంలో ఉన్నవాళ్లకే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4,000తో మొదలై తరవాత 5,000కు చేరింది. దేశంలో ఏ షరతూ లేకుండా పెద్ద ఎత్తున నగదు ఇచ్చిన పథకాల్లో ఇది ముందు వరసలోది. ఎరువు బిల్లు అడగలేదు, ఏ పంట వేశావని అడగలేదు. కేంద్రం కూడా ఆ దారిన నడిచి 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ తెచ్చి ఏడాదికి 6,000 ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ రైతుబంధుకు కొలమానం పట్టా. ఎకరాలు ఎక్కువున్నవాడికి ఎక్కువ, కౌలుదారుకు సున్నా. నేలను దున్నే మనిషి కంటే నేల మీద పేరున్న మనిషికే డబ్బు చేరింది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన రైతు భరోసాలో కౌలు రైతులకూ చోటు పెట్టారు, అయినా కార్డు, ఒప్పందం, కులం లాంటి అర్హతలు అడ్డుపడ్డాయి. షరతు ఒకచోట తీసేస్తే ఇంకోచోట మొలుస్తుందనడానికి మన రెండు రాష్ట్రాల అనుభవమే చాలు.

కనీస ఆదాయాన్ని వ్యతిరేకించేవాళ్లకూ ఈ దీవుల్లో బలమైన ఉదాహరణలున్నాయి. వాటిని దాటెయ్యడం న్యాయం కాదు. లిటిల్ అండమాన్‌లో ఓంగీలు వేట, చేపలు, అడవి దుంపల మీద వేల ఏళ్లు బతికారు. 1901లో 672 మంది ఉన్న ఆ జాతి ఇప్పుడు నూరు పైచిలుకు. 1970ల్లో వాళ్లను డుగాంగ్ క్రీక్, సౌత్ బే దగ్గర స్థిరపరిచి బియ్యం, పప్పు, చక్కెర, టీ, పాలపొడి ఉచితంగా ఇచ్చారు. అడవి మీద ఆధారపడ్డ ఆహారం, పని, వాటి చుట్టూ అల్లుకున్న జీవితం చెదిరిపోయాయి. రేషన్ కోసం ఎదురుచూడడం అలవాటయిందని చూసినవాళ్లు రాశారు.

2004 డిసెంబర్ 26 సునామీ ఇంకో ఉదాహరణ. దీవుల్లో 3,500 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి, కొబ్బరి తోటలు ఉప్పునీటిలో మునిగాయి. తరవాత సాయం వరదలా వచ్చింది. నికోబారీ సమాజానికి వెన్నెముక తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం. తోట, పంది, పడవ అన్నీ దాని చేతుల్లోనే ఉంటాయి. నష్టపరిహారం మాత్రం భార్యాభర్తల చిన్న కుటుంబాన్ని లెక్కగా తీసుకుని పంచారు. నికోబార్‌ను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన పరిశోధకుడు సిమ్రన్ జిత్ సింగ్, సునామీ తరవాత వచ్చిన ఈ సాయమే అక్కడి సమాజాన్ని రెండోసారి దెబ్బకొట్టిందని వాదించాడు. డబ్బు అలవాటు లేని చోట ఒక్కసారిగా కుప్పగా పడ్డ డబ్బు బైకులుగా, టీవీలుగా మారి కరిగిపోయింది.

ఈ రెండింటినీ దగ్గరగా చూస్తే ఒక పోలిక కనబడుతుంది. రెండుచోట్లా ఏం కావాలో, ఎవరి చేతికి ఇవ్వాలో బయటివాళ్లు నిర్ణయించారు. ఓంగీకి పాలపొడి కావాలా అని అడగలేదు. తుహెత్ పెద్దను సంప్రదించలేదు. క్రమంగా, ఏళ్ల తరబడి, తెలిసిన మొత్తంగా అందే ఆదాయానికీ, ఆపద వెనక కట్టగా వచ్చి ఆగిపోయే డబ్బుకూ ఫలితాల్లో చాలా తేడా ఉంటుంది. అందుకే ఆదిమ జాతుల ప్రాంతాలను వదిలి, డబ్బుతో బతుకుతున్న ప్రోతరాపూర్, గారచర్మ, బంబూఫ్లాట్ లాంటి బస్తీల గురించి మాట్లాడుకోవాలి.

అక్కడ డబ్బు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దేశంలోనే జరిగిన ప్రయోగం ఒకటుంది. 2011-12లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మిక సంఘం యూనిసెఫ్ సాయంతో మధ్యప్రదేశ్‌లో ఎనిమిది పల్లెల్లో ప్రతి మనిషికీ నెలనెలా నగదు ఇచ్చింది. పెద్దలకు 200, పిల్లలకు 100. ఏడాది తరవాత 300, 150. రేషన్ కార్డు అడగలేదు, కులం అడగలేదు. ఒక గిరిజన పల్లెలో వేరుగా ఇదే చేసి చూశారు. పిల్లల తిండి మెరుగైంది, బడికి పోవడం పెరిగింది, అప్పులు కొంత తీరాయి. పరాయి పొలంలో కూలి తగ్గించి సొంత మడిలో, సొంత పనిలో గడిపిన గంటలు పెరిగాయి. తాగుడు పెరుగుతుందన్న భయం నిజం కాలేదు. లయల్, లెత్‌బ్రిడ్జ్‌ల అనుమానానికి ఇంతకంటే సూటి జవాబు కష్టం.

2017 జనవరిలో కేంద్ర ఆర్థిక సర్వే ఈ ఆలోచనకు ఒక అధ్యాయమే కేటాయించింది. అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ బృందం మనిషికి ఏడాదికి 7,620 రూపాయలని లెక్కవేసింది. దేశ జనాభాలో నూటికి 75 మందికి ఇచ్చినా జాతీయోత్పత్తిలో 4.9 శాతం అవుతుందని చెప్పి, ఉన్న రాయితీలు కొన్ని తీసేస్తేనే సాధ్యమని సూచించింది. గొడవంతా అక్కడే. ప్రణబ్ బర్ధన్ లాంటి ఆర్థికవేత్తలు ధనికులకు పోతున్న రాయితీలు, పన్ను మినహాయింపులు కోస్తే డబ్బు దొరుకుతుందన్నారు. జాన్ ద్రెజ్ దీనికి ఇంకా వేళ కాలేదన్నాడు. కనీస ఆదాయం పేరు చెప్పి రేషన్, ఉపాధి హామీ ఎత్తేస్తారేమోనన్నది ఆయన భయం. ఆ భయానికి అండమాన్‌లో మరింత బలం ఉంది. ఇక్కడికి బియ్యం, పప్పు, ఉల్లిపాయ, సిమెంటు మెయిన్‌లాండ్ నుంచే రావాలి. తుఫాను పట్టి ఓడ ఆగితే బజార్లో ధర పెరుగుతుంది, సరుకు ఉండదు. చేతిలో నోటు ఉన్నా సంచి ఖాళీగా తిరిగొస్తుంది. దీవుల్లో రేషన్ దుకాణం తీసేసి నగదు ఇస్తామనేవాళ్లు సముద్రాన్ని మర్చిపోయినట్టే. రేషన్ ఉండాలి, దాని పైన నగదు రావాలి.

ఖర్చు సంగతి చూస్తే, సర్వే చెప్పిన 7,620ని 2011 నాటి దీవుల జనాభాతో గుణిస్తే ఏడాదికి దాదాపు 290 కోట్లు. ఇప్పటి ధరలకూ జనాభాకూ పెంచి రెట్టింపు అనుకున్నా 600 కోట్ల లోపే. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి కేంద్రం ఏటా ఇచ్చేది 5,000 కోట్లకు పైనే. చిన్న మొత్తం కాదు గానీ, తలచుకుంటే చెయ్యలేనిదీ కాదు. నాలుగు లక్షలకు అటూఇటూ జనాభా, నలువైపులా సముద్రం, ఎవరు వస్తున్నారో పోతున్నారో రేవులో, విమానాశ్రయంలో తెలిసే చోటు. దేశంలో అందరికీ ఇచ్చి చూసే ప్రయోగానికి ఇంతకు మించి అనువైన జాగా అరుదు. అలాస్కా 1982 నుంచి తన చమురు నిధి లాభాన్ని అక్కడ ఏడాది నివసించిన ప్రతివాళ్లకూ, పసిపిల్లలకు కూడా, ఏటా పంచుతోంది. ఎవరి తాత ఎప్పుడు వచ్చాడని అడగదు. నువ్వు ఇక్కడ ఉంటున్నావా అని మాత్రమే అడుగుతుంది.

అండమాన్‌కు కావలసిన మార్పు ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఖైదీ, శరణార్థి, సెటిలర్ అంటూ వచ్చిన దారిని బట్టి మనుషుల్ని విడదీసి సాయం చెయ్యడం 1858 నుంచి జరుగుతున్నదే. ప్రతిసారీ అది కొందరిని నిలబెట్టింది, ప్రతిసారీ ఎవరినో బయట వదిలింది. జంగ్లీఘాట్‌లో వల అల్లే తెలుగు కుటుంబానికీ, అడవి డిపోలో ముసలివాడైన రాంచీ కూలీకీ, ప్రోతరాపూర్‌లో తాతల నాటి ఇంట్లో ఉంటున్న లోకల్ బోర్న్‌కూ ఒకే మొత్తం, ఒకే రోజున, ఒకే కారణంతో అందితే ఆ జాబితాల తగాదా సగం తగ్గుతుంది. వెనకబడిన తరగతుల జాబితాలో చోటు కోసం పోరాడే తెలుగు సంఘాలు ఆ పోరాటంతోపాటు ఈ డిమాండ్ కూడా చెయ్యాలి. జాబితా వస్తే కొందరికే, కనీస ఆదాయం వస్తే పక్కింటి బెంగాలీకీ తమిళుడికీ కూడా. అందుకే దానికి తోడు నిలిచేవాళ్లు ఎక్కువ దొరుకుతారు.

దానికి ముందు లెక్క తేలాలి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. దేశవ్యాప్తంగా జనాభా లెక్కింపు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోతోంది. అప్పటిదాకా ఈ దీవుల్లో ఎంతమంది ఉంటున్నారన్నదానికి 2011 నాటి 3,80,581 అన్న అంకె ఒక్కటే ఆధారం. ఎన్యూమరేటర్ తలుపు తట్టినప్పుడు, సీజన్ పనికి వచ్చి అద్దె గదిలో ఉంటున్న కూలీతో సహా, ప్రోతరాపూర్‌లో ఉంటున్న ప్రతి తెలుగువాడూ తన పేరు అక్కడే రాయించుకోవాలి.